చౌకులో డబ్బా పట్టుకుని నిలబడే వంతు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

సేవ పేరుతో, వైద్యం పేరుతో, గుడి పేరుతో, అనాథాశ్రమం పేరుతో రోడ్డు మీద డబ్బా పట్టుకుని చందాలు అడిగేవాళ్లు ఏ చౌకులో, ఏ రోజు, ఎంతసేపు నిలబడవచ్చు, అలా నిలబడమని వాళ్లకు ఎవరు చెప్పారు అని మా నగర పరిషత్ (మున్సిపాలిటీ) ఆఫీసులో అడిగితే ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కోయాల్సింది మీరు కోసుకోండి, కానీ కింద సమాచార హక్కు చట్టం గురించి రాసిన ముక్క మాత్రం కోయకండి, అసలు సంగతి అక్కడే ఉంది.

మాది చంద్రపూర్ జిల్లా, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఒక చిన్న పట్టణం. పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే చదివేవాళ్ల దృష్టంతా ఆ ఆఫీసులో ఎవరున్నారన్న దాని మీదికి పోతుంది. మీ పేపర్ ఆసిఫాబాద్ వైపు నుంచి పొద్దున్నే బస్సులో వస్తుంది, మరాఠీ పేపర్లతో పాటు మీదీ రోజూ ఇక్కడ అమ్ముడుపోతుంది. రాజురా తాలూకా ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఇటు వచ్చింది, అందుకే ఈ చుట్టుపక్కల ఇళ్లల్లో తెలుగు, బజారులో మరాఠీ, సంతలో గోండీ, గనుల కాలనీల్లో హిందీ. నాకు చౌకులో కిరాణా దుకాణం ఉంది, ఎదురుగా బస్‌స్టాండ్. ఎవరు ఎక్కడ నిలబడి ఏం అడుగుతున్నారో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి కనిపించినంత బాగా ఆఫీసర్లకు కనిపించదు.

సంత రోజు చూడాలి. పొద్దున పదింటికల్లా ఒక ఆటో వచ్చి ఆగుతుంది, పైన రెండు మైకులు, ఒక పక్క దేవుడి ఫ్లెక్సీ, ఇంకో పక్క మంచం మీద పడుకున్న పిల్లవాడి ఫోటో. రికార్డు చేసిన మాట ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో, మళ్లీ మరాఠీలో తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు నలుగురు కుర్రాళ్లు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలతో జనంలోకి దూరతారు, ఆ డబ్బాల మూతకు చీలిక కోసి చుట్టూ సెల్లోటేపు అంటించి ఉంటుంది, టేపు ఎన్నిసార్లు ఊడదీసి మళ్లీ అంటించారో దాని అంచుల మురికి చూస్తే తెలిసిపోతుంది. పదకొండు దాటాక ఇంకో బృందం, అంతా ఒకే రంగు టీషర్టులు, మెడలో కార్డులు. మధ్యాహ్నానికి ఒక్కతే ఒక అమ్మ, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆస్పత్రి కాగితం జిరాక్సు, ముద్ర కనిపించనంత వెలిసిపోయి ఉంటుంది, ఆమె నా దుకాణం పక్కన చెప్పులు కుట్టే అతని దగ్గరికి కూడా వెళ్లి చేయి చాపుతుంది. ఇంతమందిలో ఎవరిది నిజమో ఎవరిది నాటకమో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. జనం మాత్రం జేబులో చెయ్యి పెడుతూనే ఉంటారు, మన వాళ్లకు ఆ గుణం ఉంది. ఇచ్చే చేతిని తప్పు పట్టడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

ఒకసారి ఆ ఆటో కుర్రాడిని దగ్గరికి పిలిచి, బాబూ, పర్మిషన్ ఉందా అంటే వెంటనే ఒక కాగితం తీసి చూపించాడు. చూస్తే అది మైకు పర్మిషన్. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల కింద లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి కదా, ఆ కాగితం. అందులో చందా అన్న మాటే లేదు. వాడికి ఆ తేడా తెలియదు, చూసినవాళ్లకూ తెలియదు, గుండ్రటి ముద్ర కనిపిస్తే చాలు అందరూ సరే అనుకుంటారు. టీషర్టుల బృందం దగ్గర ఇంకో రకం: వాళ్లు 80జి సర్టిఫికెట్, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు చూపించారు. 80జి అంటే ఇచ్చినవాడికి ఆదాయపు పన్నులో తగ్గింపు దొరుకుతుందని, అది కూడా నగదు అయితే రెండు వేల లోపే. దర్పణ్ అంటే ఆ సంస్థ ఒక పోర్టల్‌లో పేరు రాయించుకుందని. ఈ రెండింటికీ మా ఊరి రోడ్డు మీద నిలబడే అనుమతితో ఏ సంబంధమూ లేదు. కానీ లామినేషన్ చేసి మెడలో వేసుకుంటే అవే పర్మిట్ల లాగా చెలామణి అయిపోతాయి.

ఇప్పుడు డబ్బాల కంటే క్యూఆర్ కోడ్ ఎక్కువైంది. డబ్బా మీదే అంటించి ఉంటుంది. నా దుకాణానికి వచ్చిన సిమెంట్ ఫ్యాక్టరీ కుర్రాడొకడు యాభై రూపాయలు వేద్దామని స్కాన్ చేస్తే పైన సంస్థ పేరు రాలేదు, ఎవరిదో మనిషి పేరు, ఇంటిపేరుతో సహా వచ్చింది. అతను ఫోను నాకు చూపించి, కాకా, ఇదేంటి అన్నాడు. డబ్బా పట్టుకున్నవాణ్ణి అడిగితే, మా సర్ అకౌంట్ అది, సంస్థ అకౌంట్‌లో లిమిట్ ప్రాబ్లమ్ ఉంది అన్నాడు. సిమెంట్ కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని పది రూపాయల నోటు వేసి వెళ్లిపోయాడు. ఊరికే వెళ్లడానికి మొహమాటం.

ఇక మా సంగతి. మేం కొందరం కలిసి ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నాం, పెద్దదేం కాదు, ధర్మాదాయ్ ఆఫీసులో, అంటే ట్రస్టుల లెక్కలు చూసే ఛారిటీ కమిషనర్ ఆఫీసులో నమోదై, ఏటా లెక్కలు ఆడిట్ చేయించి ఇస్తాం. మా పని సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లల్ని నాగపూర్‌కు, చంద్రపూర్‌కు తీసుకువెళ్లడానికి దారి ఖర్చులు, అక్కడ ఉన్నన్ని రోజులు తోడు వచ్చినవాళ్లకు భోజనం. ఈ జబ్బు మా గోండు పల్లెల్లో ఎంత ఉందో ఇక్కడి డాక్టర్లను అడగండి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి లేకుండా చేస్తామన్నారు, మంచిదే, పరీక్షలు పెరిగాయి, కార్డులు ఇస్తున్నారు. మందు ఆస్పత్రిలో ఉచితం, రక్తం కూడా ఎక్కిస్తారు. కానీ జీవతి కొండల మీది ఊరి నుంచి నొప్పితో మెలికలు తిరిగే పిల్లవాణ్ణి పట్టుకుని బస్సు, ఆ తర్వాత రైలు, ఆ తర్వాత ఆటో, వీటన్నిటికీ చేతిలో డబ్బు ఉండాలి, కూలీ పోతుంది, ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు. ఆ ఖర్చు ఏ పథకంలోనూ పూర్తిగా ఇమడదు. అందుకని బజారులో డబ్బా పెట్టి అడుగుదాం అనుకున్నాం.

ఎవరూ అడగకపోయినా పద్ధతిగా ఉందామని నగర పరిషత్‌కు అర్జీ పెట్టాం. ఫలానా నెల మొదటి వారంలో, అంటే గనుల్లో, ఫ్యాక్టరీల్లో జీతాలు పడే వారంలో, సంత రోజు బస్‌స్టాండ్ చౌకులో పొద్దున నుంచి సాయంత్రం దాకా, నలుగురం, నంబరు వేసిన డబ్బాలతో. ఆవక్ ముద్ర, అంటే అర్జీ అందిందన్న ముద్ర కొట్టి ఒక కాపీ ఇచ్చారు, అంతే. తర్వాత ఎప్పుడు వెళ్లినా సాహెబ్ మీటింగ్‌లో ఉన్నారు, ఫైలు పైన ఉంది. చివరికి గుమాస్తా ఒక రోజు జాలిపడి చెప్పాడు: "కాకా, దీనికి మా దగ్గర టేబులే లేదు. ఏ టేబుల్‌కు పంపాలో తెలియక ఫైలు తిరుగుతోంది."

"మరి ప్రతి సంతకూ వస్తున్న ఆటోవాళ్ల ఫైలు ఏ టేబుల్ మీద ఉంది?" అన్నాను.

నవ్వి, "వాళ్లు ఫైలు పెట్టరు కదా కాకా," అన్నాడు.

అతని తప్పు లేదు, నిజం చెప్పాడు. అడిగినవాడికి దొరకదు, అడగనివాడు నిలబడిపోతాడు. పైగా వెనక మాట సాయం ఉన్నవాడికి పొద్దున్నే వచ్చి బస్‌స్టాండ్ గేటు ముందు ఆ మంచి జాగా పట్టుకునే ధైర్యం ఉంటుంది, ఎవరైనా కదపడానికి వస్తే ఫోను తీసి ఎవరికో కలుపుతాడు, ఆ ఫోను ఎవరికో అందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరవరు. మేం అర్జీ పెట్టిన తేదీ కూడా అలాగే గడిచిపోయింది. మేం మా మానాన ఇంటింటికీ తిరిగి, దుకాణాల్లో రసీదు పుస్తకం పట్టుకుని కొంత పోగుచేశాం.

చట్టం లేదా అంటే ఉంది. మహారాష్ట్రలో ఉంది కూడా గట్టి చట్టమే. 1950 నాటి బాంబే పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం, ఇప్పుడు మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం అంటున్నారు, దాని 41సి సెక్షన్ ప్రకారం ట్రస్టుగా నమోదు కానివాళ్లు ధర్మం పేరుతో జనం దగ్గర డబ్బు పోగుచేయాలంటే ధర్మాదాయ్ ఆయుక్తుల ఆఫీసుకు వెళ్లాలి, తర్వాత లెక్కలు ఇవ్వాలి. వినాయక చవితి వచ్చిందంటే గణేశ్ మండళ్ల కుర్రాళ్లు పరుగెత్తేది ఈ కాగితం కోసమే, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా ఇస్తున్నారు. వర్గణీ పావతీ (చందా రసీదు) మీద ఆ నంబరు ఉందా లేదా అని మా దుకాణాల వాళ్లు చూసి మరీ ఇస్తారు, అందరూ కాకపోయినా తెలిసినవాళ్లు. మండళ్లలోనూ ఆగడాలు ఉంటాయి, బలవంతపు వర్గణీ గురించి ఇంకో ఉత్తరం రాయొచ్చు. అయినా అక్కడ ఒక కాగితం, ఒక నంబరు, అడగడానికి ఒక ఆఫీసు ఉన్నాయి.

ఇంకొకటి చాలామందికి తెలియనిది. 1959 నాటి బాంబే భిక్షాటన నిరోధక చట్టంలో బహిరంగ స్థలంలో చేయి చాచి అడగడం నేరం అని రాస్తూనే, ఏదైనా చట్టం ప్రకారం గానీ, నియమాల్లో చెప్పిన పద్ధతిలో అనుమతి తీసుకుని గానీ ఒక పని కోసం డబ్బు పోగుచేయడం భిక్షాటన కిందికి రాదు అని మినహాయింపు ఇచ్చారు. ఆ చట్టం మంచిదని నేను అనను, దిక్కులేనివాణ్ణి జైలులో పెట్టే చట్టం అది, ఢిల్లీ హైకోర్టు 2018లో తన పరిధిలో దాని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసింది కూడా. కానీ అప్పట్లోనే అడుక్కోవడానికీ, అనుమతితో చందా పోగుచేయడానికీ మధ్య గీత గీసి పెట్టారన్నది గమనించండి. గీత అయితే ఉంది, మా చౌకులో అది చెరిగిపోయింది. ఆ వెలిసిపోయిన జిరాక్సు పట్టుకున్న అమ్మను పోలీసులు లాఠీతో పక్కకు తోలడం చూశాను, ఆటోను తోలడం చూడలేదు.

సరిహద్దులో ఉన్నందుకు మాకు ఇంకో తలనొప్పి. ఆటోల్లో చాలావరకు అటు నుంచి వస్తాయి, సిర్పూర్, మంచిర్యాల వైపు నుంచి. వాళ్ల సంస్థలు తెలంగాణలో 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదైనవి. ఇక్కడి ధర్మాదాయ్ ఆఫీసుకు వాటి లెక్కలతో సంబంధం లేదు. అక్కడి రిజిస్ట్రార్‌కు ఇక్కడ సంతలో ఎంత పడిందో తెలియదు. ఇటువాళ్లు అటు పోయినా ఇదే కథ, మరాఠీ పావతీ పుస్తకాలతో కాగజ్‌నగర్ బజారులో తిరిగేవాళ్లు ఉన్నారు. జీవతి తాలూకాలో 14 ఊళ్లకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల రేషన్ అని మీ పేపర్లోనే ఎన్నోసార్లు వచ్చింది. చందా డబ్బుకు మాత్రం రెండు రాష్ట్రాల్లో ఒక్క చోట కూడా లెక్క ఉండదు. తెలుగు మాటలు వినిపించగానే మనవాళ్లే కదా అని ఇక్కడి తెలుగువాళ్లు ఇంకో నోటు ఎక్కువ వేస్తారు, అది బాగా తెలిసే ఆ రికార్డులో తెలుగు పెట్టారు.

ఇప్పుడు కోయొద్దన్న ముక్క. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(బి). ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకముందే తనంతట తాను బయటపెట్టాల్సిన వివరాల జాబితా అది. అందులో పదమూడో అంశం: ఆ కార్యాలయం ఇచ్చిన రాయితీలు, పర్మిట్లు, అనుమతులు ఎవరెవరికి ఇచ్చిందో ఆ వివరాలు. అంటే నగర పరిషత్ ఒక్క సంస్థకైనా చౌకులో చందాకు అనుమతి ఇచ్చి ఉంటే ఆ పేరు నోటీసు బోర్డు మీదో వెబ్‌సైట్‌లోనో ఉండాలి. ఎవరికీ ఇవ్వకపోతే ఎవరికీ ఇవ్వలేదన్న మాటైనా ఉండాలి, అప్పుడు నిలబడిన ప్రతివాడూ అనుమతి లేకుండానే నిలబడ్డాడని పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. పది రూపాయల కోర్ట్ ఫీ స్టాంపు అంటించి ఆర్టీఐ వేయాల్సిన అవసరం కూడా ఉండకూడదు. నేను వేశాను, వచ్చిన జవాబు ఒక వాక్యం: "సదరు సమాచారం ఈ కార్యాలయంలో నిర్వహించబడుట లేదు."

బజారులో కూర్చుని కూరగాయలు అమ్మే మనిషికి ఎన్ని నియమాలో చూడండి. 2014 వీధి వ్యాపారుల చట్టం వచ్చాక సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, గుర్తింపు కార్డు ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి, ఆ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఎంతవరకు అమలైందో అది వేరే గొడవ, కానీ కాగితం మీద ఒక దారి ఉంది. కొత్తిమీర కట్ట అమ్మే ఆమె నాలుగు అడుగుల జాగాకు రోజూ చిట్టీ (జాగా రుసుము) కడుతుంది. అదే జాగాలో ఆటో నిలబెట్టి సాయంత్రానికి ఎంత పట్టుకుపోయాడో తెలియనివాడికి చిట్టీ లేదు, చీటీ లేదు.

మా చెల్లెలి కూతురు ఇంగ్లాండులో నర్సు. వాళ్ల ఆస్పత్రి తరఫున ఒక శనివారం బజారులో చందా డబ్బా పట్టుకుని నిలబడ్డానని వీడియో కాల్‌లో చెబితే, పర్మిషన్ ఎవరిచ్చారే అని మొదటి ప్రశ్న నేను అడిగింది అదే. "మావయ్యా, కౌన్సిల్ ఇస్తుంది, నెలల ముందే అడగాలి, ఆ శనివారం మాకు దొరకడమే గొప్ప," అంది. ఆ తర్వాత కూర్చుని అక్కడి కౌన్సిళ్లు పెట్టిన నియమాలు చదివాను. అక్కడ ఇది 1916 నాటి చట్టం, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు సైనికుల పేరు చెప్పి వీధివీధినా జెండాలు, పూలు అమ్మి డబ్బు పోగుచేసేవాళ్లు విపరీతంగా పెరిగిన కాలంలో చేసింది. ఇంగ్లాండు, వేల్స్‌లో వీధి చందాకు లైసెన్సు స్థానిక కౌన్సిల్ ఇస్తుంది, లండన్‌లో మాత్రం ఎక్కువ భాగం పోలీసులు చూస్తారు. ఇంటింటికీ తిరగడానికి 1939 నాటి వేరే చట్టం.

వీధి చందాకు 1974లో ఒక నమూనా నియమావళి తయారైంది, చాలా కౌన్సిళ్లు దాన్నే వాడుతున్నాయి. అందులో కొన్ని చదువుతుంటే ఎవరో మా చౌకును చూసి రాశారా అనిపించింది. డబ్బాకు నంబరు ఉండాలి, ముద్ర వేసి ఉండాలి, ముద్ర పగలకుండా తెరవడానికి వీల్లేకుండా ఉండాలి. డబ్బా మీద సంస్థ పేరు స్పష్టంగా. అడిగేవాడు నిలబడిన చోటే ఉండాలి, జనం వెంట పడకూడదు, ఒకరికీ ఇంకొకరికీ మధ్య 25 మీటర్లు. పదహారేళ్ల లోపు పిల్లల చేత అడిగించకూడదు. బల్లలు వేయకూడదు, జంతువుల్ని వెంట తేకూడదు. నెల తిరిగేలోగా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న లెక్క కౌన్సిల్‌కు ఇవ్వాలి, పేపర్లో కూడా వేయించాలి. జంతువుల మాట చదివి నవ్వొచ్చింది, మా దగ్గర కోతితో వచ్చే బృందం ఒకటి ఉంది.

నాకు నచ్చింది మాత్రం వంతులు వేసే పద్ధతి. ఇది చట్టంలో అక్షరం అక్షరం రాసి లేదు, ఒక్కో కౌన్సిల్ తనకు తాను పెట్టుకున్నది, కాబట్టి అన్నిచోట్లా ఒకేలా లేదు. మామూలుగా ఒక బజారులో ఒక రోజుకు ఒక్క సంస్థే. ఏడాదికి ఒక సంస్థకు ఇన్ని సార్లకు మించి లేదు. క్రిస్మస్‌కు ముందు శనివారాలకు అందరూ ఎగబడతారు, అందుకని కొన్ని కౌన్సిళ్లు ఆ రోజులకు చీటీలు తీస్తాయి, కొన్ని ముందు వచ్చినవాళ్లకు ఇస్తాయి, కొన్ని స్థానిక సంస్థలకు మొదట అవకాశం ఇస్తాయి. చాలాచోట్ల ఏ రోజు ఎవరిదో డైరీ వెబ్‌సైట్‌లోనే పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. చాలా కౌన్సిళ్లు దీనికి ఫీజు కూడా తీసుకోవు.

అక్కడ అంతా బంగారం అని నేను చెప్పడం లేదు. డబ్బా పట్టుకోకుండా రోడ్డు మీద మనిషిని ఆపి నెలనెలా బ్యాంకు నుంచి డబ్బు కట్ అయ్యేలా సంతకం పెట్టించుకునే బృందాలు ఈ పాత చట్టం కిందికి వస్తాయా రావా అని ఏళ్ల తరబడి గొడవ, ఆఖరికి చాలా కౌన్సిళ్లు ఆ సంస్థలతో విడిగా ఒప్పందాలు చేసుకుని ఏ వీధిలో ఎన్ని రోజులో నిర్ణయించుకున్నాయి. 2006లో కొత్త చట్టంలో ఇదంతా ఒక గాటన కట్టడానికి సెక్షన్లు రాశారు, అవి అమలులోకే రాలేదు. వాళ్లకూ ఫైలు తిరుగుతుంది అన్నమాట. కానీ వందేళ్ల పాత చట్టంతోనే ఒక చిన్న ఊరి కౌన్సిల్ శనివారం డైరీ రాసుకోగలుగుతోంది కదా, మనకు అంతకంటే కొత్త చట్టాలు చేతిలో ఉన్నాయి.

మన దేశంలోనూ పద్ధతిగా జరిగే చందా లేకపోలేదు. డిసెంబర్ 7 సాయుధ దళాల జెండా దినం, 1949 నుంచి జరుగుతోంది. దానికి ఒక తేదీ, జిల్లా సైనిక్ ఆఫీసు, చిన్న జెండాలు, లెక్క ఉన్నాయి. ఆ రోజు బడి పిల్లలు జెండా తెచ్చి అడిగితే ఎవరికీ అనుమానం రాదు. మిగతావాటికి ఆ మాత్రం ఎందుకు చేయలేం?

నా మనసులో ఉన్నది రాస్తాను, చట్టం తెలిసినవాళ్లు సరిదిద్దండి. నగర పరిషత్ ఒక మామూలు నోటు పుస్తకంలో అయినా సరే డైరీ పెట్టాలి. బస్‌స్టాండ్ చౌకు, సంత, స్టేషన్ రోడ్డు, ఇలా ఊళ్లో నాలుగైదు చోట్లు గుర్తించాలి. ఒక చోట ఒక రోజు ఒక్క సంస్థ. జీతాల వారం, దీపావళి ముందు వారం, జాతర రోజులు అందరికీ కావాలి కాబట్టి వాటికి ఆరు నెలలకోసారి అందరి ముందు చీటీలు తీయాలి, ఒకసారి వచ్చిన పేరు ఆ ఏడాది మళ్లీ చీటీలో వేయకూడదు. మిగతా రోజులు ముందు వచ్చినవాళ్లకు ఇచ్చినా నష్టం లేదు, ఎగబడేది ఉండదు. ధర్మాదాయ్ నంబరో 41సి కాగితమో ఉంటేనే అర్జీ తీసుకోవాలి, పక్క రాష్ట్రం సంస్థ అయితే అక్కడి నమోదు కాగితం, పోయిన ఏడాది ఆడిట్ లెక్క. కొన్ని రోజులు ఖాళీగా ఉంచాలి, వర్ధా పొంగి బల్లార్‌పూర్, రాజురా మధ్య దారి మూసుకుపోయినప్పుడు మునిగినవాళ్లకు సాయం పోగుచేయడానికి వంతు కోసం ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా.

డబ్బా నియమాలు 1974 నాటివి, వాటికి క్యూఆర్ తెలియదు. మనం రాసుకుంటే మొదటి లైనే అది కావాలి: స్కాన్ చేస్తే వచ్చే పేరు, అనుమతి కాగితం మీది పేరు ఒకటే ఉండాలి. ఇది చూడటానికి ఆఫీసర్ అక్కర్లేదు, నోటు వేసి వెళ్లిపోయిన ఆ సిమెంట్ కుర్రాడు చూసుకుంటాడు. అనుమతి కాగితం మరాఠీలోనూ తెలుగులోనూ ఉండాలి, మా ఊళ్లో సగం మందికి ఒకటి చదవడం వస్తే రెండోది రాదు. ఇక లెక్క. నెలలోపు ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసి అదే నోటీసు బోర్డు మీద అంటించాలి, అంటించనివాడికి వచ్చే ఏడాది చీటీ లేదు. మీ పేపర్ ఆ అంకెలు నెలకోసారి ఒక మూల వేస్తే ఇంకా మంచిది, ప్రకటనల మధ్య అంత జాగా దొరక్కపోదు.

ఇది చెబితే మా వీధిలో పెద్దలు ఒకరు అన్నారు, పర్మిట్ అంటే ఇంకో చేయి తడపాలి, ఇప్పుడు ఉచితంగా జరుగుతున్న దానధర్మానికి కూడా రేటు కట్టిస్తావా అని. ఆ భయం నాకూ ఉంది, కొట్టిపారేయను. అందుకే ఫీజు సున్నా ఉండాలి, ఎవరి సంతకం మీదా ఆధారపడని చీటీ పద్ధతి ఉండాలి. రోజు, చోటు, పేరు గోడ మీద కనిపిస్తుంటే మధ్యలో చెయ్యి చాపేవాడికి అమ్ముకోవడానికి ఏముంటుంది? ఇప్పుడు ఉచితం అనేది కూడా ఒట్టిమాట, బస్‌స్టాండ్ గేటు ముందు జాగా ఎవరిదో నిర్ణయించే మనుషులు ఇప్పుడూ ఉన్నారు, వాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు, అంతే తేడా.

ఇంకో మాట, అపార్థం చేసుకోకండి. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దులాయన, తెల్లవారుజామున నెమలిపింఛం టోపీతో వచ్చే వాసుదేవుడు, బుడబుక్కలవాడు, వీళ్లను పర్మిట్ అడగాలని నేననడం లేదు. వాళ్లు ఎవరి పేరూ చెప్పి అడగరు, వాళ్ల కళ చూపించి వాళ్ల కడుపు కోసం అడుగుతారు. అలాగే ఆ జిరాక్సు అమ్మను కూడా. ఆమెకు కావాల్సింది పర్మిట్ కాదు, ఆస్పత్రిలో సోషల్ వర్కర్ దగ్గరికి, ధర్మాదాయ్ ఆస్పత్రుల్లో పేదలకు కేటాయించిన పడకల దగ్గరికి ఎవరైనా తీసుకెళ్లడం. ఎవరో ఇంకొకరి పేరు చెప్పి, సంస్థ బోర్డు పెట్టి, మైకులో అడిగేవాళ్ల గురించే నా మాటంతా.

ఇక్కడ ఎన్నికలు లేక ఏళ్ల తరబడి ప్రశాసకులే (ప్రభుత్వం పెట్టిన అధికారులే) నగర పరిషత్తులు నడిపారు, అడగడానికి నగరసేవకుడు (కౌన్సిలర్) కూడా లేడన్న సాకు అప్పుడు ఉండేది. ఎన్నికలు అయ్యాయి కాబట్టి ఇప్పుడు అది కూడా చెల్లదు. మా అర్జీ ఆవక్ ముద్ర కాపీ, ఆర్టీఐ జవాబు, ఆ మైకు పర్మిషన్‌కు నేను తీసుకున్న ఫోటో నా దగ్గర ఉన్నాయి. మీ విలేకరిని పంపిస్తే జిరాక్సులు ఇస్తాను, సంత రోజు వస్తే మరీ మంచిది, నా దుకాణం మెట్ల మీద కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు వరకు మాత్రం వద్దని చెప్పండి, ఇక్కడి ఎండకు అప్పుడు ఆటోవాడు కూడా నిలబడడు.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారుడు,
చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర